టైగర్‌కు విషం పెట్టిందెవరు?

2023 ఎండాకాలం. ఒక శుక్రవారం పొద్దున హన్మకొండలో నా క్లినిక్ తాళం తీసి, ఫ్యాన్ వేసి కుర్చీలో కూర్చున్నానో లేదో బయట కారు తలుపు దబ్బున పడింది. వెనకే ఒక మగమనిషి కేక వినిపించింది. "మేడమ్, విషం పెట్టిండ్రు! మా కుక్కకు విషం పెట్టిండ్రు!"

నేను పశువుల డాక్టర్ని. సర్కారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వర్ధన్నపేట చుట్టుపక్కల ఊళ్లలో బర్రెలకు చూడి పరీక్షలు చేస్తూ, మేకలకు టీకాలు వేస్తూ తిరిగాను. రిటైరయ్యాక ఖాళీగా కూర్చోలేక ఈ చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవన్నీ కుక్కలు, పిల్లులు. నాకు కోపం ఎక్కువని పేరుంది. నిజమే, ఎక్కువే. కానీ ఆ కోపం ఏనాడూ జంతువుల మీద రాలేదు. వాటిని పట్టుకొచ్చే వాళ్ల మీద వస్తుంది.

ఎందుకో చెబుతాను. పల్లెలో మేక కింద పడితే, దాని వెంట వచ్చిన మనిషి "మేడమ్, పొద్దున లేత జొన్న చేన్ల పడి మేసింది" అనో, "గట్టు మీది ఆముదపాకు మేసినట్టున్నది" అనో మొదటే చెబుతాడు. ఆ ఒక్క మాటతో నా పని సగం అయిపోతుంది. టౌనులో అలా కాదు. కుక్క పుట్టినరోజుకు ఏ కేకు కోశారో చెబుతారు, ఏ షాంపూతో స్నానం చేయిస్తారో చెబుతారు. పొద్దుటి నుంచి అది ఏం తిన్నదని అడిగితే మాత్రం మొగుడు పెళ్లాం మొహం, పెళ్లాం మొగుడి మొహం చూస్తారు. తమకు చుట్టుపక్కల ఎవరితో పడదో అది మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు.

ఆ రోజు వచ్చింది వెంకటేశం సేటు. వరంగల్ బజార్లో స్టీలు సామాన్ల దుకాణం ఆయనది. వెంట ఆయన భార్య సువర్ణ. ఇద్దరూ దుప్పటి కొసలు పట్టుకుని కుక్కను మోసుకొచ్చారు. లేత పసుపు రంగు ల్యాబ్రడార్, పేరు టైగర్. పేరుకే టైగర్. పిల్లి కనబడితే సువర్ణ చీర చాటుకు పోయే రకం. టీకాకు తెచ్చినప్పుడల్లా నా చెయ్యి నాకుతూనే సూది పొడిపించుకునేది. ఆ రోజు తల కూడా ఎత్తలేదు. నోటి నుంచి చొంగ కారుతోంది, పాదాలు చల్లబడ్డాయి.

"ఎప్పటి నుంచి ఇట్లున్నది?" అని అడిగాను.

"పక్కింటామె మేడమ్, జుబేదమ్మ," అన్నాడు వెంకటేశం.

నేను అడిగింది ఎప్పుడని. ఆయన చెప్పింది ఎవరని.

"బొక్కల విషం కలిపి ఏసింది. ప్రతి శుక్రవారం వాళ్లింట్ల మటన్ వండుతరు. బొక్కలు తెచ్చి గేటు కాడ దీనికేస్తది. మొన్ననే మా కారు ఆమె గేటుకు అడ్డమున్నదని లొల్లి చేసింది. గా కోపం మనసుల పెట్టుకున్నది."

"ఇయాల ఏసిందా? మీరు చూసిండ్రా?"

"చూసుడెందుకు మేడమ్? ఇయాల శుక్రవారమే గదా!"

"ఇంకా ఎండ కూడా ముదరలేదు సేటూ. మటన్ తెచ్చేదెప్పుడు, వండేదెప్పుడు, తిని బొక్కలేసేదెప్పుడు?"

"నిన్నటియి దాసి పెట్టిందేమో," అన్నాడు. గురివింద గింజకు కింది నలుపు కనబడదంటారు గాని, పక్కింటి గోడ మీది మరక మాత్రం బాగానే కనబడుతుంది. ఇక ఆయనతో వాదన పెట్టుకోకుండా పనిలో పడ్డాను.

మా వైపు విషం అనగానే ఎవరికైనా పురుగుల మందే గుర్తొస్తుంది. మిర్చికీ పత్తికీ కొట్టే ఆ మందు కుక్క కడుపులో పడితే కంటి పాపలు ఆవగింజంత అయిపోతాయి. మేము వాటిని పిన్‌పాయింట్ ప్యూపిల్స్ అంటాం. ఒళ్లంతా కండరాలు అదురుతాయి, నోరు మందు వాసన కొడుతుంది. టైగర్ కళ్లలో టార్చి వేసి చూస్తే పాపలు మామూలుగానే ఉన్నాయి. అదురు లేదు. మూతి దగ్గర ముక్కు పెట్టి చూశాను, మందు వాసన లేదు. స్టెతస్కోప్ గుండె మీద పెట్టాక మాత్రం నాకు భయం వేసింది. గుండె చాలా నిదానంగా కొట్టుకుంటోంది. అది కూడా సక్రమంగా కాదు. కాసేపు కొట్టుకుని, ఒక దెబ్బ మింగేసి, మళ్లీ మొదలుపెడుతోంది.

క్లినిక్ పెట్టినప్పటి నుంచి నాతో ఉన్న కాంపౌండర్ యాదగిరి టైగర్‌కు ఈసీజీ క్లిప్పులు తగిలించాడు. కుక్కలకు కూడా ఈసీజీ తీస్తారా అని చాలామంది నవ్వుతారు. తీస్తాం. మనిషి గుండెకు ఉన్నట్టే కుక్క గుండెకూ కరెంటు ఉంటుంది. టైగర్ ఈసీజీలో కనబడింది హార్ట్ బ్లాక్. అంటే గుండె పై గది పంపే సిగ్నల్ కింది గదికి ఒక్కోసారి అందడం లేదు. పురుగుల మందుతోనూ గుండె నెమ్మదించవచ్చు. కానీ కళ్లు, కండరాలు మామూలుగా ఉండి, గుండె ఒక్కటే ఇలా తడబడటం నేను వేరే చోట విన్నాను. వర్ధన్నపేటలో, కంచెకు వేసిన మొక్క నరికి పడేస్తే మేసి వచ్చిన మేకల్లో.

"సువర్ణమ్మా, పొద్దున కక్కిందా? దాంట్ల ఏమున్నది?"

"ఏమో మేడమ్, ఫినాయిలు పోసి కడిగేసినం."

"ఇంకేం చేసిండ్రు?"

"యూట్యూబుల చూసి ఉప్పునీళ్లు తాపినం. అది తాగుతలేదని మళ్ల పాలు తాపినం."

చూడండి ఈ తెలివి. కుక్క ఏం కక్కిందో చూస్తే జబ్బు సగం తెలుస్తుంది. దాన్ని ఫినాయిలు పోసి కడిగారు. తల ఎత్తలేని కుక్క నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఉప్పునీళ్లయితే దానికి అదే ఇంకో విషం. పాలు తాపితే విషం విరుగుతుందని ఎవరు కనిపెట్టారో గాని, ఆ మనిషి నాకు దొరికితే బాగుండు. అన్నీ అయ్యాక, ఇక ఏమీ తోచక, అప్పుడు దవాఖాన గుర్తొస్తుంది వీళ్లకు.

ఇన్ని పనుల మధ్య వెంకటేశానికి ఇంకో పని చేసే తీరిక కూడా దొరికింది. గర్వంగా ఫోన్ నా ముందు పెట్టాడు. వాళ్ల గల్లీ వాట్సాప్ గ్రూపులో ఆయన పెట్టిన మెసేజ్. "మన గల్లీలో నోరు లేని జీవికి విషం పెట్టే వాళ్లున్నారు. ఎవరో అందరికీ తెలుసు. పిల్లలు గలవాళ్లు జాగ్రత్త." దాని కింద వరసగా ఎర్రటి కోపం మొహాలు, "పోలీసులకు చెప్పండి" అని సలహాలు.

"మీరు పాయిజన్ కేసని ఒక సర్టిఫికెట్ రాసియ్యుండ్రి మేడమ్. బొక్కల పెట్టిండ్రని గూడ రాయుండ్రి. సీదా స్టేషన్‌కు పోత," అన్నాడు.

"కుక్కను బతికియ్యమని అడుగుతవేమో అనుకున్న సేటూ," అన్నాను. సువర్ణ తల దించుకుంది.

అంతలో టైగర్ మళ్లీ కక్కింది. యాదగిరి ట్రే పట్టాడు. పచ్చటి నీళ్లు. మాంసం లేదు, బొక్క లేదు. ఆ నీళ్లలో నలిగిన గులాబీ రంగు రేక ఒకటి, మందంగా ఉన్న ఆకు ముక్కలు రెండు తేలాయి. ఆకు ముక్కను కడిగి వెలుతురులో పట్టి చూశాను. తోలులాంటి ఆకు, మధ్యలో గట్టి ఈనె. ఈ ఆకు నాకు బాగా తెలుసు.

"మీ ఇంట్ల గన్నేరు చెట్టున్నదా?"

"లేదు మేడమ్," అన్నారిద్దరూ ఒకేసారి. నిజానికి లేదు కూడా.

గన్నేరు విషమని తెలియని తెలుగువాళ్లు ఉండరు. కోపమొస్తే గన్నేరు పప్పు తిని చస్తానని బెదిరించే వాళ్లను చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. కానీ పచ్చగన్నేరు గింజ ఒక్కటే విషమనుకుంటాం. ఎర్ర గన్నేరు, గులాబీ గన్నేరు, తెల్ల గన్నేరు, అన్నీ అంతే. ఆకు, పువ్వు, బెరడు, కొమ్మ, ఎండిపోయిన ఆకు కూడా విషమే. కొమ్మ వేసి ఉంచిన నీళ్లలోకీ విషం దిగుతుంది. అది నేరుగా గుండె కరెంటు మీద దెబ్బ కొడుతుంది.

చేయాల్సింది వెంటనే మొదలుపెట్టాం. గుండె వేగం పెంచే ఇంజెక్షన్ ఇచ్చాను. సెలైన్ ఎక్కించాం, అది కూడా కాల్షియం లేనిది చూసి, ఎందుకంటే ఇలాంటి గుండెకు కాల్షియం ఇంకో బరువు. వాంతి ఆగాక యాక్టివేటెడ్ చార్‌కోల్ సన్నటి గొట్టంతో నేరుగా కడుపులోకి పంపాం. కడుపులో మిగిలిన విషాన్ని పీల్చుకునే నల్లటి బొగ్గు పొడి అది. వెంకటేశం మాట నమ్మి పురుగుల మందుకు చేసే వైద్యం మొదలుపెట్టి ఉంటే మందులు వేరు, మోతాదులు వేరు. పక్కింటామె మీద కోపానికి కుక్క ప్రాణం పోయేది.

"బతుకుతదా మేడమ్?" అని సువర్ణ మెల్లగా అడిగింది. ఆ మాట ఆ ఇద్దరిలో ఒకరు అడగడం అదే మొదలు. ఇప్పుడే చెప్పలేనన్నాను. గుండె ఏ నిమిషంలోనైనా ఆగవచ్చు. అది ఎంత తిన్నదో, ఎక్కడ తిన్నదో తెలిస్తే నాకు సాయం. పైగా ఆ గన్నేరు ఇంకా అక్కడే ఉంటే గల్లీలో ఇంకో కుక్కో, పాకే పసిపిల్లో దాన్ని నోట్లో పెట్టుకోవచ్చు. యాదగిరిని టైగర్ దగ్గర కూర్చోబెట్టి, వాళ్ల ఇల్లు దగ్గరే కాబట్టి, వాళ్ల కారులోనే బయలుదేరాను.

గల్లీ మలుపు తిరిగేసరికి జుబేదమ్మ గేటు ముందు నలుగురైదుగురు మగవాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. గేటు లోపల ఆమె ఒక్కతే. బస్సు డ్రైవరుగా చేసి చనిపోయిన మనిషి భార్య. జాకెట్లు కుట్టుకుని బతుకుతుంది. సువర్ణ ఒంటి మీదున్న జాకెట్టు కూడా ఆమె కుట్టిందేనని కారులో వస్తుంటే సువర్ణే చెప్పింది. మెడలో టేపు వేలాడుతోంది, ఎవరో పిలిస్తే మిషన్ మీది నుంచి లేచి వచ్చినట్టుంది. నా చేతిలో స్టెతస్కోప్ చూసి గేటు పట్టుకుని ముందుకు వచ్చింది.

"టైగర్ బతికే ఉన్నదా డాక్టరమ్మా? ఏమైందంటే ఎవలు చెప్తలేరు."

"ఉన్నదమ్మా," అన్నాను.

"యా అల్లా, జర బతికియ్యుండ్రి," అంది. ఆ గల్లీలో అంతమంది పెద్దమనుషులున్నారు. కుక్క ఎట్లున్నదని నన్ను అడిగింది ఆమె ఒక్కతే. అక్కడే నాకు ఒళ్లు మండటం మొదలైంది.

వెంకటేశం ఇంటి మెట్లెక్కాను. శుక్రవారం కదా, గడప కడిగి పసుపు రాసి, ముందు ముగ్గు పెట్టారు. ముగ్గు మీద కుక్క అడుగులు పడి చెరిగిపోయి ఉంది. ఆ అడుగులు నేరుగా గడప పక్కనున్న వెడల్పాటి ఇత్తడి పాత్ర దాకా పోయాయి. ఉర్లి అంటారట దాన్ని. ఈ మధ్య ఏ ఇంటి ముందు చూసినా ఉంటోంది, నీళ్లు పోసి పూలు తేలేస్తారు. ఇందులో గులాబీ గన్నేరు గుత్తులు, ఆకులతో సహా కొమ్మ చివర్లు తేలుతున్నాయి. పాత్ర అంచుకూ నీళ్లకూ మధ్య వేలెడు వెలితి ఉంది. ఒక కొమ్మ నేల మీద పడి ఉంది, దాని ఆకులకు పంటి గాట్లు.

చుట్టూ చూశాను. టైగర్ నీళ్లు తాగే గిన్నె ఏదని అడిగాను. సువర్ణ చూపించింది. వరండా మూలన బోర్లించి ఉంది. గడప కడిగేటప్పుడు పక్కన పెట్టి, మళ్లీ నింపడం మరిచిపోయారు. స్టీలు గిన్నెలు అమ్మి బతికే ఇంట్లో, అంత ఎండాకాలంలో, కుక్క గిన్నెలో చుక్క నీళ్లు లేవు. ముందర పాత్ర నిండా చల్లటి నీళ్లు కనబడితే అదేం చేస్తుంది? తాగింది. పూలు అడ్డమొస్తే నమిలింది.

"ఈ పూలెక్కడియి సువర్ణమ్మా?"

ఆమె పాత్ర వైపు చూడలేదు. గోడ వైపు చూసింది. గోడ అవతలి నుంచి నిండుగా పూసిన గన్నేరు కొమ్మలు ఇటు వాలి ఉన్నాయి. అది జుబేదమ్మ చెట్టు.

"ఖాలాను అడిగి తెంపుకుంట మేడమ్, ప్రతి శుక్రవారం," అంది. పిన్నమ్మ వరస పెట్టి ఆమెను ఖాలా అని పిలుస్తుంది సువర్ణ. "పొద్దున గూడ ఆమెనే కొమ్మ వంచి పట్టుకున్నది. ఎప్పుడు దేవుని పటాలకే పెట్టేదాన్ని. మొన్న వీడియోల చూసి ఈ పాత్ర తెప్పిచ్చిన. ఆకులతోని ఏస్తె నిండుగ కనబడతదంటె..." మాట పూర్తి చేయలేక అక్కడే మెట్టు మీద కూలబడింది. "నేనే ఏసిన. నా చేతులతోని నేనే ఏసిన."

వెంకటేశం ఒప్పుకోలేదు. "దేవునికి పెట్టే పువ్వు విషమెట్లయితది మేడమ్?"

"విషం మింగి తట్టుకునేది శివుడొక్కడే సేటూ. టైగర్‌తోని కాదు."

ఆయన కాసేపు ఆ పాత్రను చూశాడు. గోడను చూశాడు. ఇక సిగ్గుపడతాడని నేను అనుకున్నాను. ఆయనకు తోచింది ఇంకొకటి.

"అయితే చెట్టు ఆమెదే గదా మేడమ్. ఎట్ల చూసినా విషం ఆ ఇంటి నుంచే వచ్చినట్టు."

నా ఉద్యోగ జీవితంలో బర్రె తన్నితే కింద పడ్డాను, కుక్క కరిస్తే కుట్లు వేయించుకున్నాను. అంత కోపం ఎప్పుడూ రాలేదు. గేటు ముందు నిలబడ్డ వాళ్లందరికీ వినబడేటట్టే అరిచాను. "పువ్వు తెంపిందెవరు? నీళ్లలేసిందెవరు? కుక్క గిన్నె బోర్లిచ్చి మరిచిందెవరు? ఆ చెట్టు దాని జాగల అది ఉన్నది. టైగర్ గోడ దుంకి పోయి మేయలేదు. ఇన్నేండ్లు ఆమె ఇంటి పువ్వు మీ దేవునికి పనికొచ్చింది, ఆమె కుట్టిన జాకెట్టు మీ ఒంటికి పనికొచ్చింది, ఆమె బొక్క మీ కుక్కకు పనికొచ్చింది. ఒక్క పూటల ఆమె విషమైపోయిందా?"

"ఊకోండ్రి ఇగ," అంది సువర్ణ, నన్ను కాదు, మొగుణ్ని. గేటు దగ్గరి వాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. పొద్దున కోపం మొహాలు పెట్టిన వాళ్లలో ఒక్కరైనా పోతూ జుబేదమ్మతో తప్పయిందని ఒక మాట అనలేదు.

వచ్చాను కదా అని ఆ ఇంట్లో ఉన్న కుండీలన్నీ చూశాను. పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ ఇప్పుడు రిటర్న్ గిఫ్టుగా మొక్కలిస్తున్నారు కదా, అలా వచ్చినవే చాలా ఉన్నాయి. మచ్చల ఆకుల డైఫెన్‌బేకియా సోఫా పక్కనే ఉంది. దాన్ని కొరికితే నోరు, నాలుక వాచిపోతాయి. మనీప్లాంటుదీ అదే గుణం, కాస్త తక్కువ. కిటికీలో స్నేక్ ప్లాంటు, కలబంద ఉన్నాయి, తింటే వాంతులు, విరేచనాలు. వాకిట్లో అడీనియం. ఎడారి గులాబీ అని ముద్దుగా అమ్ముతారు, అది గన్నేరుకు చుట్టమే, గుండె మీదే కొడుతుంది. తాటిచెట్టు పిల్లలా ముచ్చటగా ఉండే సైకస్ ఇంకా దుర్మార్గం, దాని గింజ కుక్క కాలేయాన్ని తినేస్తుంది. పిల్లి ఉన్న ఇంట్లోకి బొకేల్లో వచ్చే లిల్లీ అసలు రానివ్వకూడదు. దాని పుప్పొడి ఒంటి మీద రాలి, పిల్లి ఆ ఒళ్లు నాక్కున్నా కిడ్నీలు పోతాయి.

ఇవి అమ్మే వాళ్లలో ఒక్కరూ ఈ ముక్క చెప్పరు. ఆక్సిజన్ మొక్క అంటారు, లక్ష్మి వచ్చే మొక్క అంటారు. ఇంట్లో కుక్క ఉందా, పిల్లి ఉందా అని ఒక్క మాట అడిగితే వాళ్ల సొమ్మేం పోతుంది? పెంచుకోవడానికి మంచివి లేకనా? మందారం ఉంది, గులాబీ ఉంది, మల్లె ఉంది. ఇంట్లోకి అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్, ఫెర్న్ ఉన్నాయి. ఇవి నమిలితే మహా అయితే కొంచెం కక్కుతుంది. ప్రాణం పోదు. తులసికి భయం లేదు. ఇదంతా సువర్ణకు చెప్పి, ఏ కుండీ ఎక్కడ పెట్టాలో చూపించి, ఉర్లిలో నీళ్లు మొక్కల్లో పోయకుండా బాత్రూమ్ తూములో పోయించి వచ్చాను.

టైగర్ మా క్లినిక్‌లోనే ఉంది. ఆ పూట రెండుసార్లు గుండె ఆగినంత పని చేసింది. యాదగిరి భోజనానికి కూడా లేవలేదు. మర్నాడు ఈసీజీ గీత కాస్త సర్దుకుంది. ఆ తర్వాతి రోజు నేను తలుపు తీయగానే తోక నేలకు కొట్టిన చప్పుడు వినిపించింది. నేను కళ్లు తుడుచుకున్నాను, అది చూసి యాదగిరి అటు తిరిగాడు.

ఇంటికి పంపే రోజు వెంకటేశం స్వీటు డబ్బాతో వచ్చాడు. "మేడమ్, మీరు దేవుడు," అన్నాడు. దేవుడి సంగతి తర్వాత, ముందు గ్రూపులో ఏం పెట్టావో చూపించమన్నాను. పాత మెసేజ్ తీసేశాడు. దాని చోట టైగర్ ఫోటో, "మన టైగర్ సేఫ్" అని, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. అంతే.

"విషం ఎట్ల వచ్చిందో రాయలేదేం సేటూ?"

"అయిపోయింది గదా మేడమ్. మళ్ల ఎందుకు లొల్లి? మెసేజ్ డిలీట్ చేసిన."

మెసేజ్ డిలీట్ అవుతుంది. దాన్ని చదివిన వాళ్ల మనసులోది ఎవరు డిలీట్ చేస్తారు? లెటర్‌హెడ్ ముందుకు లాక్కుని, ఆయన ఆ రోజు అడిగిన సర్టిఫికెట్ రాశాను. ఈ కుక్క ఇంటి గడప ముందు పాత్రలోని గన్నేరు నీళ్లు తాగి జబ్బు పడింది, మాంసం వల్ల కాదు అని రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చాను. "దీన్ని పెట్టు గ్రూపుల," అన్నాను. ఆయన దాన్ని చదివి, బల్ల మీదే వదిలేసి, కుక్కను తీసుకుని పోయాడు. అబద్ధమైతే స్టేషన్ దాకా మోసేవాడు. నిజం గుమ్మం దాకా కూడా బరువైంది.

ఆ కేసు తర్వాత నా క్లినిక్‌లో ఒక పద్ధతి పెట్టాను. ఎవరు వచ్చినా ముందు అది ఏం తిన్నదో, ఏం తాగిందో, ఇంట్లో ఏ మొక్కలున్నాయో చెప్పాలి. కక్కింది కడగకుండా తేవాలి, పక్కన ఆకు ముక్క కనబడితే కవర్లో వేసి తేవాలి. ఎవరి మీద అనుమానం అన్నది నా గుమ్మం అవతల వదిలి రావాలి. విషం మన ఇంట్లోనే ఉంటుందని, మనమే పూజ చేసి గడపలో పెట్టుకుంటామని ఆ కేసులో చూశాను కాబట్టి, ఇప్పుడు ఎవరైనా "ఎవరో పెట్టిండ్రు మేడమ్" అని మొదలుపెడితే మాట పూర్తి కానివ్వను.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం జుబేదమ్మ క్లినిక్‌కు వచ్చింది. మొహం ఎండకు కమిలి ఉంది. గన్నేరు చెట్టు కొట్టించేసిందట. ఆ చెట్టు నీడలోనే వరండాలో మిషన్ వేసుకుని కుట్టేది, ఇప్పుడు ఎండ నేరుగా మీద పడుతోందని చెప్పింది. ఎందుకు కొట్టించావమ్మా, చెట్టు ఏం చేసిందని కోప్పడ్డాను.

"ఉంచితే రేపు ఇంకేదన్న అయితది. మళ్ల నా గేటు కాడికే వస్తరు డాక్టరమ్మా," అంది. సువర్ణ మాత్రం ఒకసారి వచ్చి చేతులు పట్టుకుని ఏడ్చిందట. సేటు రాలేదు.

తర్వాత సంచిలోంచి తెల్ల కాగితం తీసి నా ముందు పెట్టింది. "ఒక చీటీ రాసిస్తరా?"

"దేనికి?"

"శుక్రవారం అయితె చాలు, టైగర్ నా గేటు కాడికి వచ్చి కూసుంటాంది. నేను తలుపు తీస్తలేను. కిటికీల నుంచి చూస్తాన. తోక ఊపుకుంట అట్లనే కూసుంటది. నేను పెట్టొచ్చని మీరు రాసిస్తే, అది చూపెట్టి పెడత."

"నీకు చీటీ ఎందుకమ్మా? నువ్వేం తప్పు చేసినవని?"

"తప్పు చేయలేదని నాకెరుక, మీకెరుక. గ్రూపుల చదివినోళ్లకు ఎరుకనా?"

వెంకటేశం వదిలేసిన సర్టిఫికెట్ సొరుగులోంచి తీసి ఆమెకిచ్చాను. అది ఉన్నా కూడా ఇంకో చీటీ కావాలంది, తన పేరు ఉన్నది కావాలంది. రాశాను. ఉడికిన బొక్కలు కుక్కకు గుచ్చుకుంటాయి కాబట్టి వద్దని, ఉప్పు కారం లేని మెత్తటి ముక్క పెట్టొచ్చని రాశాను. దాని కింద, జుబేదమ్మ ఏది పెట్టినా టైగర్‌కు నమ్మి తినిపించవచ్చు అని రాశాను. ఆమె దాన్ని రెండుసార్లు చదివించుకుని, మడిచి, కుట్టాల్సిన జాకెట్టు గుడ్డల మధ్య జాగ్రత్తగా పెట్టుకుంది.

ఇన్నేళ్లలో ఎన్నో పశువులకు ఆరోగ్యంగా ఉన్నాయని సర్టిఫికెట్లు రాశాను. సంతకు పోయే బర్రెలకు రాశాను, రైలెక్కే కుక్కపిల్లలకు రాశాను. పక్కింటి కుక్కకు ఒక మెతుకు పెట్టడానికి ఒక మనిషి మంచిదని రాసివ్వడం అదొక్కటే. సంతకం కింద ముద్ర బల్ల అదిరేటట్టు గుద్దాను. ఆమె మీద కాదు, ఆ చీటీ అవసరం తెచ్చిన వాళ్ల మీద కోపంతో.